నక్షత్రాల కింద వెండి గీత

జూన్ 4

మరదలు పిల్లకి,

మీరంతా బాగున్నారని అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప తెలిసే దారి లేదు. నువ్వు ఉత్తరం రాసి నెల దాటింది. కుట్టు మిషను మీద కాలు పెడితే నీకు చుట్టాలు గుర్తుండరని మా తమ్ముడు ఒకసారి అన్నాడు. వాడు నోరు తెరిచి చెప్పిన కొద్ది మాటల్లో అదొకటి కాబట్టి నమ్మక తప్పదు.

ఇక్కడ ఒక వార్త ఉంది. పేర్లు సైన్యంవి, పని ప్రార్థనా సేవా అని నువ్వు నవ్వే మా దళంలో అడ్జుటెంట్ హోదా తీసేశారు. కెప్టెన్‌కి పైన, మేజర్‌కి కింద ఉండే మధ్య మెట్టు అది. దేవుడి పనికి ఇన్ని మెట్లు ఎందుకని పెద్ద ఆఫీసులో వాళ్లు తేల్చారట. మా వృద్ధుల నిలయంలో ఆ హోదా ఉన్నది నాకూ, నా దగ్గరే పని నేర్చుకున్న పొడుగమ్మాయికీ. ఈ నెల చివరి ఆదివారం ప్రార్థన హాల్లో సభ పెట్టి మా ఇద్దరికీ కొత్త హోదాలు ఇస్తారు. పాత భుజం పట్టీలు తిరిగి పంపేయాలి. రెండు నక్షత్రాల కింద నువ్వు వెండి దారంతో గీత కుట్టిన పట్టీలు అవి. ఆ గీతే అడ్జుటెంట్‌కి గుర్తు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఒక్క పోగు లేవలేదు.

నిలయంలో ముసలమ్మలకి ఈ సంగతి చెప్తే ఒక్కరూ పట్టించుకోలేదు. వాళ్లకి ఆ పేరు పలకడమే రాదు కదా. నేను వచ్చిన కొత్తలో ఒకావిడ "అర్జెంటమ్మ గారూ" అని కేకేస్తే, ఏం కొంప మునిగిందోనని సబ్బు చేతులతో పరిగెత్తాను. తీరా చూస్తే ఆవిడకి దిండు ఎత్తు చాలలేదట. ఆ రోజు నుంచి అందరికీ అర్జెంటమ్మనే.

నీ వల్ల ఒక పని కావాలి. కొత్త హోదాకి ఒక జత భుజం పట్టీలు కుట్టి పంపు. సభకి ముందు అందితే చాలు.

నీ వదిన

జూన్ 10

మేజర్ వదినగారికి,

నమస్కారం పెట్టాలో సెల్యూట్ కొట్టాలో తెలియక, మీ ఉత్తరం చదవగానే రెండూ చేశాను. ఎదురుగా జాకెట్టు కొలతలిస్తున్న ఆవిడ బెదిరిపోయి చేతులు దించేసింది. ఆ జాకెట్టు ఇప్పుడు చంకలో బిగుసుకుంటే ఆ పాపం మీదే.

"కొత్త హోదా" అని రాసి ఊరుకున్నారేం? మేజర్ అని రాయడానికి అంత మొహమాటమా? మధ్య మెట్టు తీసేస్తే పై మెట్టు ఎక్కుతారని ఆ మాత్రం మాకు తెలియదా? మీకు సిగ్గెక్కువని పెళ్లిచూపుల నాడే కనిపెట్టాను. నన్ను చూడ్డానికి వచ్చి, నాకంటే ఎక్కువగా మీరే తల వంచుకు కూర్చున్నారు.

పట్టీలు ఈ పొట్లంలోనే పెట్టాను. మేజర్ గుర్తే, చుట్టూ ఆకుల దండ, మధ్యలో దీపం. దీపం వత్తి నిలబడటం లేదని మూడుసార్లు విప్పి కుట్టాను. పెళ్లికూతుళ్ల బట్టలకి కూడా ఇంత కళ్లు పోగొట్టుకోలేదు.

మీ తమ్ముడికి చెప్పాను. "సరే" అన్నారు. అని బయటికెళ్లి బస్సు కడగడం మొదలుపెట్టారు. మరుసటి రోజు డ్రైవింగు తనది కాకపోయినా అద్దాలు, చక్రాలు, లోపల సీట్లు అన్నీ తుడిచారు. ఆ మనిషికి సంతోషం వచ్చిందనడానికి అంతకంటే సాక్ష్యం నాకెప్పుడూ దొరకలేదు.

ఇక మేజర్ కూడా అయ్యారు కాబట్టి, పదవి దిగిపోయి మా ఇంటికి వచ్చేయండి. పైగదికి కొత్త కిటికీ పెట్టించాం. ఈ మాట ప్రతి ఉత్తరంలో రాస్తూనే ఉన్నాను, మీరు చదవనట్టు నటిస్తూనే ఉన్నారు.

మీ మరదలు

జూన్ 16

మరదలు పిల్లకి,

పట్టీలు అందాయి. పొడుగమ్మాయికి చూపిస్తే ముట్టుకోవడానికి ముందు చేతులు తుడుచుకుంది. నీ దీపం నిజంగా వెలుగుతున్నట్టే ఉంది.

ఇంకో జత కావాలి. ఇవి సాదావి, ఉత్త రెండు నక్షత్రాలే. ఇక్కడ ఒక కెప్టెన్‌కి. ఎక్కువ శ్రమ పడకు, ఉన్న గుడ్డతోనే కుట్టేయి.

సభకి మీరు రావాలనుకుంటారేమో, రావద్దు. హాలు చిన్నది, ప్రయాణం దూరం, మా తమ్ముడి కాలికి అంతసేపు కూర్చోవడం మంచిది కాదు. సభ అంటే ఏముంది, రెండు పాటలు, ఒక ప్రసంగం. మా డ్రమ్ము తాతకి చెవుడు ముదిరింది. పాట అయిపోయాక కూడా వాయిస్తూనే ఉంటాడు. ఎవరో ఒకరు వెళ్లి చెయ్యి పట్టుకోవాలి.

పైగది కిటికీ సంగతి చదివాను. నటించడం లేదు.

నీ వదిన

జూన్ 22

మేజర్ వదినగారికి,

కెప్టెన్ పట్టీలు పంపుతున్నాను. ఎవరా కెప్టెన్? కొత్తగా వచ్చిన పిల్లా? మీ దగ్గర పడిందంటే పాపం పక్కబట్టలు మడవడం నుంచి నేర్చుకోవాలి. మంచం మీద దుప్పటి చెవులు సమంగా లేవని నన్నే మూడుసార్లు లేపారు మీరు, బాలింతననైనా చూడకుండా.

ఉన్న గుడ్డతో కుట్టమన్నారు కాబట్టి అలాగే కుట్టాను. స్కూలు యూనిఫాముల ఒత్తిడిలో ఉన్నాను. ఒక నక్షత్రం కాస్త వంకరొచ్చింది. విప్పే ఓపిక లేక వదిలేశాను. చిన్నపిల్లే కదా, పై హోదా వచ్చినప్పుడు మంచివి కుట్టిస్తాలెండి.

సభకి రావద్దన్నారు. వద్దంటే రాము. మీ తమ్ముడి కాలి గురించి మీరు దిగులు పడనక్కర్లేదు. రోజంతా బస్సు బ్రేకు తొక్కే కాలు హాల్లో కుర్చీకి భయపడుతుందా? పెద్దవాళ్ల మధ్య మేం కూర్చుంటే బాగుండదని ఉంటే ఆ మాటే రాయొచ్చు. బట్టలు కుట్టేదాన్నే అయినా మంచి చీరలు నాకూ ఉన్నాయి.

మీ మరదలు

జూలై 3

మరదలు పిల్లకి,

ఎంత మాట రాశావు. నీ మంచి చీరలు నాకు తెలియవా? అందులో ఒకటి నేను ఇచ్చిందే.

సభ బాగా జరిగింది. నువ్వు కుట్టిన దీపం పట్టీలని అందరూ మెచ్చుకున్నారు. పెద్ద ఆఫీసు నుంచి వచ్చిన కమాండర్ గారు ఎవరు కుట్టారని అడిగారు. మా మరదలని చెప్పాను.

తర్వాత ఇక్కడ ఒక తమాషా నడుస్తోంది. ఆఫీసు గదిలో ఉన్నది ఒకే ఒక చేతుల కుర్చీ. ఇప్పుడు అందులో ఎవరు కూర్చోవాలన్నది తేలక పొడుగమ్మాయి గోడవారన స్టూలు మీద కూర్చుంటోంది. నేను బెంచీ మీద కూర్చుంటున్నాను. కుర్చీలో పిల్లి పడుకుంటోంది. నిన్న సరుకులు తెచ్చినాయన రసీదు మీద సంతకం ఎవరు పెడతారని అడిగితే, మేమిద్దరం పిల్లి వైపు చూశాం.

పిల్లల చదువులెలా ఉన్నాయి? మా తమ్ముడు ఈమధ్య ఏ రూట్లో తిరుగుతున్నాడు?

నీ వదిన

జూలై 8

వదినగారికి,

ఏ రూట్లో తిరుగుతున్నారని అడిగారు. సభ జరిగిన ఆదివారం మీ రూట్లోనే తిరిగారు. తోటి డ్రైవరుతో డ్యూటీ మార్చుకుని, నాకు చెప్పకుండా మీ ఊరు వచ్చి, బస్సు స్టాండులో నిలిపి, యూనిఫాంలోనే మీ హాల్లో తలుపు దగ్గర నిలబడి సభ చూసి వెళ్లారు. మిమ్మల్ని పలకరించలేదు. ఇదంతా నాకు చెప్పింది ఆ తోటి డ్రైవరు.

వచ్చిన దగ్గర్నుంచి బస్సు కడగలేదు. మూడో రోజు కంచం ముందు కూర్చుని, "అక్క భుజం మీద నక్షత్రం వంకరగా ఉంది" అన్నారు.

"ఏ నక్షత్రం?" అన్నాను.

"కెప్టెన్ నక్షత్రం."

కంచాలు తీసేసి మీ పాత ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్లీ చదివాను.

వదినా, మిమ్మల్ని కెప్టెన్ చేశారా? దీపం పట్టీలు ఆ పొడుగమ్మాయి పెట్టుకుందా? నా ఉత్తరాల్లో మేజర్, మేజర్ అని వెక్కిరిస్తుంటే మీరు ఎలా చదివారు? మిగిలిన గుడ్డ మీద వంకర నక్షత్రం కుట్టి, చిన్నపిల్లే కదా అని రాశాను. అది మీరు భుజానికి పెట్టుకుని అంతమంది ముందు నిలబడ్డారు. నా చేతులు నరుక్కోవాలనిపిస్తోంది. పని మాత్రం ఆపలేదు, స్కూళ్లు తెరిచారు.

ఎందుకిలా జరిగిందో ఈసారి దాచకుండా రాయండి.

మీ మరదలు

జూలై 13

మరదలు పిల్లకి,

ముందు చేతులు జాగ్రత్త. అవి లేకపోతే నాకు కుట్టేవాళ్లు లేరు.

దాచాలని దాచలేదు. నువ్వే మేజర్ అనుకుని ఆకుల దండ కుట్టి పంపేశాక, కాదని రాయడానికి కలం కదల్లేదు. ఆ పట్టీలు పెట్టెలో పడి ఉంటే ఇంకా బాధని పొడుగమ్మాయికి ఇచ్చాను. ఆమె తీసుకోనంది. మరదలి కష్టం వృథా అవుతుందని బతిమాలాను.

జరిగింది ఇంతే. సర్వీసు మధ్యలో తెగకుండా ఉన్నవాళ్లకి మేజర్, తెగినవాళ్లకి తిరిగి చేరిన రోజు నుంచే లెక్క, వాళ్లకి కెప్టెన్. వాడి కాలు బస్సు కింద నలిగినప్పుడు నేను దళం వదిలి మీ ఇంటికి వచ్చాను కదా, ఆ ఏడాదిన్నర దగ్గర నాది తెగింది. సెలవు ఇవ్వమన్నాను, అంత సెలవు లేదన్నారు, రాజీనామా రాసిచ్చి వచ్చేశాను. అప్పుడు నీకు రెండోవాడు పుట్టబోతున్నాడు. తమ్ముడు మంచం మీద ఉన్నాడు. నేను ఆలోచించిందేమీ లేదు. ఇప్పుడూ దాని గురించి విచారం లేదు. ఈ సంగతి వాడికి తెలియకూడదనే మిమ్మల్ని రావద్దన్నాను. నువ్వేమో చీరల దాకా వెళ్లిపోయావు.

విచారం లేదన్నాను గానీ, ఒక మాట నీకు కాక ఎవరికి చెప్పను. కమాండర్ గారు నా పాత పట్టీలు విప్పి పళ్లెంలో పెట్టినప్పుడు నా చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్లింది. తీసేసింది ఒక గీతే. కానీ పొద్దున్నే పొడుగమ్మాయి "ఇది ఇలా చేద్దామా" అని నన్ను అడుగుతుంది, అడిగి నాలుక కరుచుకుంటుంది. నేను ఉన్నంతకాలం ఆ పిల్లకి ఆ కుర్చీలో కూర్చోవడం రాదు. నాకు బెంచీ అలవాటు కాదు.

అందుకని రాజీనామా రాసిపెట్టాను. నెలాఖరుకి వచ్చేస్తాను. పైగది దులిపించు.

నీ వదిన

జూలై 18

వదినగారికి,

మీరు రావద్దు.

ఇప్పుడు వద్దు. మీ తమ్ముడు ఉన్న తీరు చూస్తే మీరు ఇంటికి రాకపోవడమే మంచిది. రాజీనామా ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే వెనక్కి అడగండి.

పిల్లలు బాగున్నారు. తీరిగ్గా రాస్తాను. ఒకావిడ బట్టల కోసం మిషను దగ్గరే కూర్చుంది.

మీ మరదలు

జూలై 22

మరదలికి,

నీ నాలుగు ముక్కలూ అందాయి.

ఇన్నేళ్లూ ప్రతి ఉత్తరంలోనూ రమ్మని పిలిచి, వస్తానంటే తలుపేసిన దాన్ని నిన్నొక్కదాన్నే చూశాను. పైగది అద్దెకిచ్చావా? కొత్త కిటికీతో మంచి అద్దే వచ్చి ఉంటుంది.

వాడికి నా మీద కోపం వచ్చిందని అర్థమైంది. చెప్పకుండా దాచాను కాబట్టి వాడి కోపం న్యాయమే. నేను రాను. ఎక్కడికీ వెళ్లను. ఇక్కడ బెంచీ మీద బాగానే ఉన్నాను. నా గురించి మీరెవరూ శ్రమ పడవద్దు.

వదిన

జూలై 27

మా వదినకి,

"మరదలికి" అని మొదలుపెట్టారు, పిల్ల పోయింది. "వదిన" అని ముగించారు, "నీ" పోయింది. హోదాలు తీసేయడంలో మీరు మీ పెద్ద ఆఫీసుని మించిపోయారు.

తప్పు నాదే. ఒకావిడ నెత్తి మీద కూర్చుంటే సగం రాసి పంపాను. ఇప్పుడు కొట్టు తలుపేసి రాస్తున్నాను, శాంతంగా చదవండి.

మీ తమ్ముడికి మీ మీద కోపం లేదు. ఆయన తన కాలి మీద కోపంగా ఉన్నారు. మీ ఉత్తరం చదివి వినిపించాను. "ఆ ఏడాదిన్నర నేను తినేశానన్నమాట" అన్నారు. అప్పటి నుంచి కుంటడం ఎక్కువైంది. నొప్పి లేదంటారు. ఇప్పుడు మీరు పెట్టె పుచ్చుకుని వచ్చి పైగదిలో దిగారనుకోండి. మీరు మెట్లు ఎక్కిన ప్రతిసారీ ఆయన కింద కూర్చుని, అక్క నా వల్ల పని పోగొట్టుకుని పైకెక్కుతోంది అనుకుంటారు. మీరు ఎంత నవ్వినా ఆ మాట ఆయన బుర్రలోంచి పోదు. అందుకని రావద్దన్నాను.

ఇంకో మాట. నేను ఇన్నేళ్లు పిలిచింది పని చేసి చేసి అలసిపోయి వచ్చే మనిషిని. ఆవిడ ఎప్పుడొచ్చినా గది ఆవిడదే, అద్దెకివ్వడానికి నాకేం పట్టింది. అలిగి వచ్చే మనిషికి మాత్రం ఇవ్వను. మీరు అలిగారు వదినా. అలగండి, తప్పేం లేదు, నేనైతే కుర్చీ విరగ్గొట్టేదాన్ని. కానీ అక్కడే ఉండి అలగండి. ఆ ముసలమ్మలకి దిండు ఎత్తు ఎవరు చూస్తారు?

కొత్త జత కెప్టెన్ పట్టీలు కుట్టాను. రెండు నక్షత్రాలు, తిన్నగా. ఈ ఆదివారం మీ తమ్ముడికి సెలవు. పట్టీలు ఇచ్చి రమ్మని పంపుతున్నాను. నాకు రావాలనే ఉంది గానీ ఒక పెళ్లివారి బట్టలు నా మెడ మీద ఉన్నాయి. ఆయన ఏమీ మాట్లాడకపోతే ఏమీ అనుకోకండి. పొట్లం చేతికిచ్చి నిలబడతారు, అంతే.

మీ మరదలు పిల్ల

ఆగస్టు 2, ఆదివారం మధ్యాహ్నం

మా మరదలు పిల్లకి,

నీ మొగుడు పొట్లం చేతికిచ్చి నిలబడలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ప్రార్థన మొదలయ్యాక వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, నువ్వే ఇస్త్రీ చేశావని మడతలు చూస్తే తెలిసింది. వెనక బెంచీలో కూర్చున్నాడు. రెండో పాట అయ్యాక మా దగ్గర సాక్ష్యాల సమయం అని ఒకటుంటుంది. దేవుడు తమకి చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఎప్పుడూ లేచేవాళ్లే లేస్తారు. ఎప్పుడూ చెప్పేవే చెప్తారు. నేను వేదిక మీద పాటల పుస్తకంలో మూడో పాట వెతుక్కుంటున్నాను. తలెత్తేసరికి మా తమ్ముడు నిలబడి ఉన్నాడు.

మంచినీళ్లకి లేచాడనుకున్నాను.

"నేను బస్సు డ్రైవర్ని. ఆ కెప్టెన్ గారు మా అక్క" అన్నాడు. అని చొక్కా అంచు లాగి సర్దుకున్నాడు. అంతటితో అయిపోయిందనుకుని డ్రమ్ము తాత పుల్లలు ఎత్తాడు కూడా. అప్పుడు మళ్లీ మొదలుపెట్టాడు.

"నా కాలు నలిగిపోయింది. తీసేయాలన్నారు. మా అక్క ఒప్పుకోలేదు. ఏడాదిన్నర మా ఇంట్లో ఉండి నన్ను నడిపించింది. ఆ ఏడాదిన్నర మీ లెక్కలో పడలేదని విన్నాను. అది పోలేదు. నా దగ్గరుంది. చూపిస్తాను."

చెప్పి బెంచీలోంచి బయటికొచ్చాడు. హాలు మధ్య దారిలో నడవడం మొదలుపెట్టాడు. మెల్లగా, ఎవరినీ పట్టుకోకుండా, వేదిక దాకా వచ్చాడు. నా మొహం వైపు చూడలేదు. అక్కడ వెనక్కి తిరిగి మళ్లీ తలుపు దాకా వెళ్లాడు. డ్రమ్ము తాతకి మాటలు వినపడలేదు గానీ నడక కనపడింది. మనిషి కవాతు చేస్తున్నాడనుకున్నాడో ఏమో, అడుగు అడుగుకీ నెమ్మదిగా ఒక దెబ్బ వేశాడు. కుంటే చోట ఒక క్షణం ఆగి మరీ వేశాడు. ఈసారి ఎవరూ వెళ్లి ఆయన చెయ్యి పట్టుకోలేదు.

మూడో పాట చెప్పాల్సింది నేను. పుస్తకం మూసి పట్టుకుని తలుపు వైపే చూస్తున్నాను. పొడుగమ్మాయే లేచి చెప్పింది, ఆ పిల్లా పేజీ తప్పు చెప్పింది. సగం మంది ఒక పాట, సగం మంది ఇంకో పాట పాడారు. మా హాల్లో అంత అధ్వానంగా ఎన్నడూ పాడలేదు.

నీకు ఒక సంగతి చెప్పాలి. విచారం లేదని నీకు రాశాను చూడు, అది సగమే నిజం. ఈ నెల రోజులూ ఆ ఏడాదిన్నర ఎక్కడో రోడ్డు మీద పారేసుకున్నట్టే నాకనిపించింది. నేను చేసింది మంచిపనే, కానీ పోయింది పోయినట్టే అనుకున్నాను. ఇవాళ అది వేదిక దాకా నడిచొచ్చి తిరిగి వెళ్తుంటే చూశాను. బరువుగా, కొంచెం ఎడమకి ఒరిగి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లింది.

సభ అయ్యాక పొడుగమ్మాయి నన్ను పక్కకి పిలిచి, ఇంటివాళ్ల జబ్బు కోసం ఆగినవాళ్ల సర్వీసు తెగినట్టు రాయకూడదని పెద్ద ఆఫీసుకి ఉత్తరం రాస్తానంది. మునుపైతే వద్దనేదాన్ని. ఇవాళ, "ఆ కుర్చీలో కూర్చుని రాయి, మేజర్‌వి నువ్వు" అన్నాను. పిల్లిని దింపి కూర్చుంది. వాళ్లు వింటారో లేదో తెలియదు. ఆ పిల్ల మాత్రం వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది, నేను నేర్పినట్టే.

మన వాడు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి పొట్లం ఇచ్చాడు. ఏమైనా అంటాడేమోనని చూశాను. "ఆకలేస్తోందక్కా" అన్నాడు. పెట్టాను. రెండుసార్లు వడ్డించుకున్నాడు. ముసలమ్మలు వరసగా వచ్చి వాడి కాలు ముట్టుకుని చూసి వెళ్లారు. ఒకావిడ తన మోకాలు కూడా బాగుచేయమని నన్ను అడిగింది. వాడు నవ్వాడు. నువ్వు చూసి ఎన్నాళ్లయిందో గానీ, పళ్లు కనపడేలా నవ్వాడు.

వచ్చే నెల పది రోజులు సెలవు అడిగాను. అలిగి కాదు, సెలవు మీదే వస్తున్నాను. పైగది కిటికీ తలుపుకి నూనె వేసి ఉంచు.

వాడు బెంచీ మీద బూట్లతోనే నిద్రపోయాడు. ఈ ఉత్తరం వాడి జేబులో పెట్టి పంపుతాను, రేపటికల్లా నీ చేతిలో ఉంటుంది. బస్సు టైమయింది. లేపుతున్నాను.

నీ వదిన